కొత్త భాష కడుతున్నారా, ముందు ఆ జనం నోరు ఎలా తిరుగుద్దో తేల్చండి

కథకో గేమ్‌కో సొంతంగా భాష కట్టేవాళ్ళు చాలామంది ముందు చేసేది వింత శబ్దాలు పోగేయడం, అరబిక్ నుంచి గొంతు హల్లు ఒకటి, ఆఫ్రికా నుంచి క్లిక్కు (నాలుకతో టక్కుమని చేసే చప్పుడు) ఒకటి. అలా వద్దండి. హవాయి భాషకి హల్లులు 8 మాత్రమే, అయినా వాళ్ళకి ఏం తక్కువైంది? ఏ శబ్దం ఎక్కడ రావచ్చు, పక్కన ఇంకోటి వస్తే ఏమవుద్ది, అసలు పని అక్కడుంది.

గోదారి పాయల మధ్య లంకల్లో ఉండే జనాన్ని ఊహించుకుని, వాళ్ళకో భాష కడదాం.

అచ్చులు మూడు చాలు అనుకుంటే అ ఇ ఉ తీసుకోండి, నోట్లో ఒకదానికొకటి దూరంగా ఉంటాయి కాబట్టి మూడచ్చుల భాషల్లో మామూలుగా కనిపించేవి ఇవే. పొట్టివీ పొడుగువీ రెండూ పెడదాం. హల్లులు వరసల్లో రావాలి: ప త ట క, మ న, య ర ల వ, స. వరసలో ఒక ఖాళీ ఉన్నా పర్లేదు, అరబిక్‌లో బ ఉంది గానీ ప లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త, అక్షరాలు చూసి కాదు చెవితో పని చేయండి. చాప, చేప రెండిటికీ రాసేది చ ఒక్కటే, కానీ చాప అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరకి పోద్ది, ఒకసారి పైకి అని చూడండి. వచ్చాడు అని రాస్తాం, మనవైపు నోట్లో పలికేది ఆ కీ ఏ కీ మధ్యలో ఉండే అచ్చు, దానికి అక్షరమే లేదు.

ఇప్పుడు రూల్స్. మాట అచ్చుతో గానీ సున్నాతో గానీ ఆగాలి, జంట హల్లులు ఒత్తులు లేవు, రెండచ్చుల మధ్య ప త ట క వస్తే బ ద డ గ అయిపోతాయి. ఈ చివరిది లాంటిది మనకి కొత్తేం కాదు, అన్నదమ్ములు, తల్లిదండ్రులు, కూరగాయలు, స్కూల్లో గసడదవాదేశం అని చదివాం కదా.

రూల్స్ నిలబడతాయో లేదో తెలియాలంటే మన ఊళ్ళ పేర్లు వాళ్ళ నోట్లో పెట్టి చూడండి, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. యానాం యానాంగానే ఉంటుంది. అమలాపురం అమలాబురం అవుద్ది, పాలకొల్లు పాలగులు, రాజోలు రాయూలు (జ లేదు, దగ్గర్లో ఉన్న య పట్టుకున్నారు), కొబ్బరి కుబరి. ధవళేశ్వరం అయితే తవలీసువరం. బస్సు పసు, ఎందుకంటే మాట మొదట్లో బ పలకదు. మనం బస్ చివర ఉ తగిలించి బస్సు చేసుకున్నట్టే ఇది కూడా.

తర్వాత ఆ భాషకి వయసు రావాలి. తెలుగులో క్రొత్త కొత్త అయింది, ప్రాత పాత, క్రింద కింద, ఇలా వరసపెట్టి ర జారిపోయింది. వ్రాతలో మాత్రం ర ఉండిపోయి వ పోయింది, రాత అయింది, అందుకే ఏ జంటలో ఏది పోతుందో విడివిడిగా రాసుకోవాలి. సంస్కృతం నుంచి తెచ్చుకున్న క్రమం, ప్రాణం లాంటి వాటిల్లో ర అలాగే ఉంది.

మన లంకవాళ్ళకి గోదావరి గోదారి అయిన రూలే ఇద్దాం, రెండు అకారాల మధ్య (పొట్టివైనా పొడుగువైనా) వ వస్తే పోద్ది. అప్పుడు తవలీసువరం తాలీసువరం అవుద్ది, సు తర్వాత ఉన్న వ కి ముందు ఉ ఉంది కాబట్టి అది అలాగే ఉంటుంది. ఆ మార్పు అయిపోయాక కరెంటు వచ్చిందనుకోండి, పవర్ అన్న మాట పవరుగానే నిలబడుద్ది, పారు అవ్వదు. కాబట్టి డిక్షనరీలో ప్రతి మాట పక్కన అది మార్పుకి ముందుదా తర్వాత వచ్చిందా అని రాసి పెట్టుకోండి, ఒక యాభై మాటలు అయ్యాక ఫోన్లో రికార్డ్ చేసి వినండి, స్పీడుగా చెప్తే ఎక్కడెక్కడ నాలుక తడబడుతుందో అక్కడ ఇంకో మార్పు పెట్టుకోవచ్చు.