మన చేత్తో గేమింగ్ పీసీ – 4వ పాఠం: తక్కువ ధరలో గాలి ఆడే క్యాబినెట్

గత పాఠంలో మన జాబితా ఖాయం చేసుకున్నాం: రైజెన్ 5 5600 ప్రాసెసర్, మైక్రో ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు (ఇక ముందు బోర్డు అనే అందాం), ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు (ఇక ముందు కార్డు), అన్నిటికీ కరెంటు అందించే 550 వాట్ల ఎస్ఎంపీఎస్. గేమ్ ఆడేటప్పుడు వీటి నుంచి ఎంత వేడి వస్తుందో లెక్క వేయమని చివర్లో అడిగాను. కార్డుకు కంపెనీ చెప్పేది 115 వాట్లు, ప్రాసెసర్‌కు 65. కలిపితే 180. పీసీ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. పాతకాలపు 60 వాట్ల బల్బులు మూడు వెలిగించి రేకు డబ్బాలో పెట్టి మూత వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ డబ్బానే ఈ రోజు మనం ఎంచుకోబోతున్నాం.

షాపులో దీన్ని క్యాబినెట్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు మొత్తాన్నీ కలిపి సీపీయూ అనేస్తారు. మనం షాపు మాటే వాడదాం.

మొదటిసారి కట్టేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ముందు వైపు నిలువెత్తు అద్దం, దాని వెనక రంగులు మారే మూడు ఫ్యాన్లు చూస్తే మనసు లాగేస్తుంది. నాకూ అదే జరిగింది. నా మొదటి పీసీకి అలాంటిదే కొన్నాను. మే నెల, మధ్యాహ్నం, గదిలో ఏసీ లేదు. గేమ్ మొదలుపెట్టి ఇరవై నిమిషాలయ్యేసరికి కార్డు 86 డిగ్రీలకు చేరింది, దాని ఫ్యాన్లు మిక్సీలా మోత పెట్టాయి. కార్డే పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఎందుకో తోచి ముందు అద్దం ఊడదీసి మంచం మీద పెట్టాను. పది నిమిషాల్లో 77కి దిగింది. కార్డు బాగానే ఉంది, దానికి గాలే అందలేదు. మూడు ఫ్యాన్లూ అద్దం పక్కనున్న వేలి వెడల్పు సందులోంచే గాలి పీల్చుకోవాల్సి వచ్చింది.

క్యాబినెట్ లోపలి వేడి ఎప్పుడూ గది వేడికి పైనే ఉంటుంది. యూట్యూబ్ రివ్యూలు చాలావరకు ఏసీ గదుల్లోనే చేస్తారు. మన విజయవాడలోనో, రామగుండంలోనో వేసవిలో గది 38 డిగ్రీలుంటే, వాళ్లు చూపించిన అంకెకు పది పదిహేను కలుపుకోవాలి. అందుకే మన మొదటి షరతు: ముందు వైపు జాలీ ఉండాలి. అద్దం కావాలంటే పక్క వైపు పెట్టుకోండి, దానికి అభ్యంతరం లేదు.

జాలీ అని పేరుకు పెట్టి, దాని వెనక ప్లాస్టిక్ రేకు అడ్డం పెట్టినవి కూడా ఉంటాయి. షాపులో చిన్న పరీక్ష చేయండి. పక్క తలుపు తీయించి, ఫోన్ టార్చ్ వెలిగించి లోపలి నుంచి ముందు వైపుకు పట్టండి. బయట నిలబడి చూస్తే వెలుతురు జాలీ అంతటా చుక్కలు చుక్కలుగా కనిపించాలి. అంచుల్లోంచి గీతలా మాత్రమే వస్తే దాన్ని వదిలేయండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ లాంటి చోటికి వెళ్తే నాలుగైదు మోడళ్లు పక్కపక్కన పెట్టించి ఇలా చూడొచ్చు. చూపించమంటే ఎవరూ కాదనరు, మొహమాటపడకండి. జాలీ వెనక దుమ్ము ఫిల్టర్ ఉందో లేదో, అది చేత్తో లాగితే వస్తుందో లేదో కూడా చూడండి. రోడ్డు పక్క ఇల్లయితే నెలకోసారి దాన్ని కడగాల్సి వస్తుంది.

ఇక కొలతలు. టేపు దగ్గర పెట్టుకోండి. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 పొడవు, 244 వెడల్పు. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, కింద కాస్త ఖాళీ కనిపిస్తుందంతే. చిన్నదాంట్లో పెద్ద బోర్డు పట్టదు. ఏటీఎక్స్ కొలతలను ఇంటెల్ 1995లో తెచ్చింది, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. కాబట్టి ఈ రోజు కొన్న మంచి క్యాబినెట్‌లో రేపు అదే సైజు బోర్డు, అందులో పట్టే కార్డు మార్చుకున్నా డబ్బా మార్చక్కర్లేదు.

కార్డు పొడవు దగ్గర జాగ్రత్త. రెండు ఫ్యాన్ల 4060 కార్డులు ఎక్కువగా 250 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి, మూడు ఫ్యాన్లవి 300 దాటొచ్చు. డబ్బా మీద ‘కార్డు 320 వరకు’ అని రాసి ఉంటుంది. ఆ అంకె ముందు ఫ్యాన్లు లేకుండా వేసిన లెక్క కావచ్చు. మామూలు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు, దాన్ని తీసేస్తే మిగిలేది 295. నేనైతే కార్డు పొడవు, ఎత్తు ప్రకారం ఒక అట్టముక్క కత్తిరించి షాపుకు తీసుకెళ్తాను. బోర్డు పెట్టే చోట దాన్ని నిలబెట్టి చూస్తే అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మాత్రం కంపెనీ సైట్‌లో ఇచ్చిన కొలతనే చూడాలి, అమ్మేవాళ్ల పేజీలో అంకెలు తారుమారయ్యే అవకాశం ఉంది.

ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ పొట్టిది, దానితో ఇబ్బంది లేదు. తర్వాత టవర్ కూలర్ (నిలువుగా ఎత్తుగా ఉండేది) పెట్టే ఆలోచన ఉంటే 160 మిల్లీమీటర్ల ఎత్తు పట్టేది చూసుకోండి.

ఫ్యాన్ల సంగతి. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. మన 180 వాట్లకు ఇది చాలు. ముందే బిగించిన ఫ్యాన్లతో వచ్చే క్యాబినెట్ దొరికితే డబ్బు కలిసొస్తుంది, కానీ వాటి వైరు చివర చూడాలి. సన్నటి మూడు లేదా నాలుగు పిన్నుల ప్లగ్ అయితే బోర్డుకు తగిలించి వేగం మార్చుకోవచ్చు. లావుపాటి మోలెక్స్ ప్లగ్ అయితే అది నేరుగా ఎస్ఎంపీఎస్‌కు పోతుంది, అర్ధరాత్రి సినిమా చూస్తున్నా ఒకటే వేగంతో హోరుమంటుంది. చవక క్యాబినెట్లలో ఇది మామూలే. కొనేముందు అడగండి.

ఇంకో మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ‘ఎస్ఎంపీఎస్‌తో కలిపి’ ఇస్తామన్న క్యాబినెట్ వద్దు. స్టిక్కర్ మీద 450 వాట్లని రాసి ఉంటుంది, పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, చాలావాటిలో కార్డుకు ఇవ్వాల్సిన 8 పిన్నుల వైరే ఉండదు. 30 వేల కార్డును దాని చేతిలో పెట్టొద్దు.

ముందు వైపు నీలం రంగు యూఎస్‌బీ పోర్టు (వేగంగా పనిచేసే 3.0 రకం) ఒక్కటైనా ఉంటే చాలు. టైప్ సీ ఉందని ఎక్కువ డబ్బు పెట్టబోయే ముందు మన బోర్డు మీద దానికి వేరే సాకెట్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పోర్టు అలంకారమే.

ఇవన్నీ చూశాక 3 నుంచి 5 వేల లోపల మన జాబితాకు సరిపడేది దొరుకుతుంది. అంతకు పైన పెట్టాలనిపిస్తే ఆ డబ్బు ఎస్ఎస్‌డీకి (గేములు, ఫైళ్లు దాచుకునే డ్రైవ్) మళ్లించమని నా సలహా.

ఇంటికి తెచ్చాక పక్క అద్దాన్ని టైల్స్ మీద నిలబెట్టకండి. టెంపర్డ్ గ్లాస్ మధ్యలో గట్టిగా ఉంటుంది కానీ అంచు టైల్‌కు చిన్నగా తగిలినా మొత్తం జొన్నపేలాల్లా పొడైపోతుంది. మడతపెట్టిన దుప్పటి మీద పడుకోబెట్టండి. కొరియర్‌లో వస్తే డబ్బా తెరిచేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి, పగిలి వస్తే మార్పించుకోవడానికి అదే ఆధారం.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీకు నచ్చిన మూడు క్యాబినెట్ల పేర్లు రాసి, ఒక్కోదానికి ఎదురుగా కార్డు పొడవు (ఫ్యాన్ మందం తీసేసి), కూలర్ ఎత్తు, ఫ్యాన్ ప్లగ్ రకం రాయండి. ఒక్క గడి ఖాళీగా మిగిలినా ఆ క్యాబినెట్‌ను కొట్టేయండి. 5వ పాఠంలో బోర్డు కింద వచ్చే ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) బిగిద్దాం. కొనకు అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె సిద్ధం చేసుకోండి.