సెలైన్‌లో వేయగానే గడ్డకట్టే నానోకణాలు: నాకు పనిచేసిన పద్ధతి
ఎంఆర్ఐ కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా స్పష్టంగా కనిపించేలా చేసే పదార్థం) కోసం చేసిన ఐరన్ ఆక్సైడ్ కణాలు మామూలు నీళ్లలో వారాల తరబడి బాగానే ఉండేవి, 0.9 శాతం సెలైన్‌లో వేస్తే మాత్రం కాసేపటికే అడుగున నల్లటి మడ్డి. వాటి మీదున్న సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చేది) పూత కణాలను ఒకదానికొకటి దూరంగా ఉంచేది రుణావేశంతోనే. సెలైన్‌లోని ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేస్తుంది, ఇక అతుక్కుపోవడమే. శబ్ద తరంగాలతో కణాలను విడదీసే సోనికేటర్‌లో పెట్టినా లాభం లేదు (కాసేపు బాగున్నట్టు కనిపించి ఇంకా టెన్షన్ పెడుతుంది). చివరికి ఒక కొసన ఫాస్ఫోనేట్ (ఫాస్ఫరస్ ఉన్న రసాయన గుంపు) ఉన్న పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) గొలుసులు వాడాను. ఫాస్ఫోనేట్ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, పెగ్ పొరేమో ఆవేశంతో పని లేకుండానే కణాలకు మధ్య అడ్డుగా నిలుస్తుంది. మిగిలిన పెగ్‌ను సన్న రంధ్రాల పొర గుండా జరిపే డయాలిసిస్‌తో తీసేశాక సెలైన్‌లో కూడా డీఎల్ఎస్ (కాంతి చెదరడాన్ని బట్టి కణాల సైజు కొలిచే పద్ధతి) సైజు కదల్లేదు. కోర్ (పూత లోపలి ఐరన్ ఆక్సైడ్ భాగం) సైజు మాత్రం ముందే తేల్చుకోండి: 5 నానోమీటర్ల లోపైతే టీ1 అనే రకం ఎంఆర్ఐ చిత్రంలో తెల్లగా చూపించడానికి పనికొస్తుంది, పెద్దదైతే టీ2 అనే మరో రకంలో నల్లగా, పెగ్ పూతతో చిన్న కోర్‌ను పెద్దది చేయలేం.