వానలకు ముందు అంబాసిడర్ మీటర్లు విప్పుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో పాత అంబాసిడర్ ఉన్నవాళ్లందరికీ ఏటా మే నెలలో ఒకే మాట చెబుతుంటాను: తొలకరి పడేలోపు డ్యాష్‌బోర్డ్ వెనకాల ఒకసారి చూసుకోండి. వేసవిలో పెట్రోల్ ముల్లు ఊగినా, మీటరు లైటు వెలగకపోయినా ఎలాగోలా నడిపేస్తాం. వానల్లో అలా కుదరదు. లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతిలో వైరింగ్ చేసిన పాత బండ్లలో మీటర్లు, వైపర్, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు అన్నీ సాధారణంగా ఒకే ఫ్యూజ్ మీద ఉంటాయి. మీటరు వెనక వైరు ఒకటి చెమ్మకు షార్ట్ అయితే ఆ ఫ్యూజ్ పోతుంది. అంటే రాత్రి, జోరువానలో, హైవే మీద వైపర్ ఆగిపోతుంది, మీ వెనకున్న లారీకి బ్రేక్ లైటు కనపడదు. చిన్న లోపమే కదా అని వదిలేయొద్దని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

1950ల చివర్లో ఉత్తర్‌పారాలో మొదలై 2014లో ఆగిపోయిన కారు ఇది. మన దగ్గర మిగిలినవాటిలో చాలా బండ్ల వైరింగ్ ముప్పై, నలభై ఏళ్ల నాటిది. మధ్యలో ఎంతమంది మెకానిక్‌లు ఏ వైరుకు ఏ వైరు కలిపారో ఎవరికీ తెలియదు. నేను చూసినంతలో మీటర్లు వాటంతటవి పాడయ్యేది తక్కువ. బాగు చేసే తొందరలో కాలిపోయేవే ఎక్కువ. అందుకని రిపేరు కంటే ముందు జాగ్రత్తల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు బ్యాటరీ వైరు తీయండి

తాళం తీశాం (ఇగ్నిషన్ ఆపేశాం) కదా అని డ్యాష్‌బోర్డ్ వెనక చెయ్యి పెట్టకండి. ఆంప్ మీటరు (కరెంటు ఎంత వెళుతోందో చూపేది) ఉన్న మోడళ్లలో స్టార్టర్‌కు పోయే కరెంటు తప్ప దాదాపు మిగతాదంతా ఆ మీటరులోంచే వెళుతుంది. దాని వెనకున్న రెండు బోల్టులకు తాళంతో సంబంధం లేదు, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. మధ్యలో ఫ్యూజ్ కూడా ఉండదు. మీ చేతిలోని పానా ఆ బోల్టుకూ పక్కనున్న రేకుకూ ఒకేసారి తగిలిందంటే లావు వైరు ఎర్రగా కాలి, దాన్ని ఆనుకుని ఉన్న వైర్ల కట్టంతా అంటుకుంటుంది. స్పీడోమీటరును వెనక్కి నెట్టి బిగించేటప్పుడు దాని అంచు ఆ బోల్టుకు తగిలినా అంతే. చేతి ఉంగరం, కడియం, స్టీల్ చైను ఉన్న గడియారం కూడా పక్కన పెట్టి పని మొదలుపెట్టండి.

బ్యాటరీకి రెండు టెర్మినళ్లు ఉంటాయి. బాడీకి బిగించిన ఎర్త్ వైపుది ముందు తీయాలి, పని అయ్యాక దాన్నే చివర బిగించాలి. రెండో వైపుది ముందు విప్పబోతే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. ఎర్త్ అంటే మైనస్సే అని కళ్లు మూసుకుని అనుకోవద్దు. 1960ల మధ్య వరకు వచ్చిన బ్రిటిష్ డిజైన్ బండ్లలో ప్లస్ వైపును బాడీకి ఇవ్వడం మామూలే. మీది బాగా పాత బండి అయితే ఏ టెర్మినల్ నుంచి వైరు బాడీకి వెళుతోందో కళ్లారా చూడండి. అది తెలుసుకోకుండా మొబైల్ ఛార్జర్, కొత్త స్టీరియో, ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే అవి పాడైపోవచ్చు, లేదా పనిచేయకపోవచ్చు.

విప్పేముందు ఫోటోలు

వైరు తీయకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. తీసిన ప్రతి వైరుకూ చిన్న టేపు ముక్క చుట్టి, ఎక్కడిదో పెన్నుతో రాయండి. రంగులు కొంత సాయపడతాయి. లూకాస్ పద్ధతిలో బ్రౌన్ వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు తాళం వేస్తే (ఇగ్నిషన్ ఆన్ చేస్తే) కరెంటు వచ్చేది. ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజ్ గుండా వచ్చేది. నలుపు ఎర్త్. ఎరుపు పార్కింగ్ లైట్లు, మీటరు లైట్లది. అయితే ఏనాడో తెల్ల వైరు తెగితే చేతికందిన పసుపు వైరు అతికించిన బండ్లు కోకొల్లలు. అందుకని రంగు చూసి నమ్మేయకుండా టెస్ట్ ల్యాంపుతో (వైరులో కరెంటు ఉందో లేదో చూపే చిన్న బల్బు) రూఢి చేసుకోండి. ప్రీమియర్ పద్మినిది ఫియట్ వంశం, ఈ రంగుల లెక్క దానికి వర్తించదు.

పెట్రోల్ ముల్లు: మీటరును చివరగా అనుమానించండి

ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ముల్లు కదలట్లేదనగానే మీటరు పోయిందనుకుని విజయవాడ ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో పరుగెత్తి పాత మీటరు కొనుక్కొస్తారు. అది బిగించినా ముల్లు కదలదు.

మొదట మీది ఏ రకం మీటరో గమనించండి. తాళం వేయగానే ముల్లు కొన్ని సెకన్లు తీసుకుని మెల్లగా పైకి లేస్తే అది వేడితో వంగే లోహపు పట్టీతో పనిచేసే రకం. టక్కున లేస్తే తీగచుట్టల రకం. మెల్లగా లేచే రకానికి వెనకాల స్టెబిలైజర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. బ్యాటరీ కరెంటును ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులుగా మీటర్లకు ఇవ్వడం దాని పని. దాని మీద మల్టీమీటర్ పెడితే అంకెలు నిలకడగా ఉండవు. కంగారు పడకండి, పాత రకం డబ్బా పనిచేసే తీరే అది. పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తున్నా, కలిసి పడిపోయినా రెండు మీటర్లూ ఒకేసారి పాడవడం అరుదు. అనుమానించాల్సింది ఆ డబ్బానే. ఇంకా చెప్పాలంటే, ఆ డబ్బాకు బాడీతో ఉన్న ఎర్త్‌ను. స్క్రూ కింద తుప్పు పట్టి ఎర్త్ అందకపోతే 12 వోల్టులూ నేరుగా మీటర్లకు వెళ్లిపోతాయి. ఆ స్క్రూ తీసి, రేకు మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఈ తుప్పు మరీ త్వరగా పడుతుంది.

ఒక్క పెట్రోల్ ముల్లే తేడాగా ఉంటే ట్యాంకు దగ్గరి సెండర్ (ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో మీటరుకు చెప్పే భాగం) వైపు వెళ్లాలి. బండిని ఆరుబయట పెట్టండి. చుట్టుపక్కల సిగరెట్, అగరుబత్తి, పొయ్యి ఏదీ ఉండకూడదు. తాళం తీసి ఉండగానే సెండర్ నుంచి వైరు ఊడదీసి, ఒక జంపర్ వైరుతో (రెండు చోట్లను కలిపే విడి వైరు) దాన్ని ట్యాంకుకు దూరంగా బాడీకి కలపండి. బ్యాటరీ ఎర్త్ ఊడదీసి ఉంటే బిగించి, ఆ తర్వాతే తాళం వేయాలి. తాళం వేసి ఉంచి వైరును రేకుకు తాకిస్తే పెట్రోల్ ఆవిరి పక్కనే నిప్పురవ్వ పుడుతుంది. మెల్లగా లేచే రకం ముల్లు ఇప్పుడు ఫుల్ వైపు వెళ్లాలి, తీగచుట్టల రకం ఖాళీ వైపు పడాలి. ముల్లు కదలడం చూడగానే తాళం తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే మంచి మీటరు కూడా కాలుతుంది. ఇలా కదిలిందంటే మీటరూ వైరూ బాగున్నట్టే, సెండర్ గానీ దాని ఎర్త్ గానీ పోయినట్టు. కదలకపోతే వైరు ఎక్కడో తెగింది, లేదా తప్పు మీటరు వైపే ఉంది. ఏది ఏమైనా సెండర్ టెర్మినల్‌కు బ్యాటరీ కరెంటు నేరుగా తాకించి చూసే పని మాత్రం చేయొద్దు.

సెండర్ బయటికి తీయాల్సి వస్తే అది పెట్రోల్ పనిలో అనుభవమున్న మెకానిక్‌కే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే లోపలంతా ఆవిరే. ఇనుప సుత్తితో దాని రింగు కొడుతుంటే పక్కన నిలబడకండి, కొట్టనివ్వకండి. లోపల పెట్రోల్ మీద తేలే డబ్బాకు చిల్లి పడి పెట్రోల్ నిండిందేమో ఊపి చూడమని చెప్పండి. ముల్లు ఎప్పుడూ ఖాళీ చూపించడానికి అదొక కారణం.

స్పీడోమీటరు

ముల్లు వణుకుతూ, టిక్‌టిక్ మని చప్పుడు చేస్తుంటే నూటికి తొంభై పాళ్లు గేర్‌బాక్స్ నుంచి మీటరుకు వచ్చే కేబులే. మీటరు వెనక నట్టు చేత్తోనే విప్పండి. ప్లయర్ వేసి తిప్పితే మరలు పోతాయి. లోపలి తీగను బయటికి లాగి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, బల్ల మీద రెండు చేతులతో పట్టుకుని వేళ్ల మధ్య తిప్పండి. అంతా ఒకేలా తిరుగుతుంటే తీగ బాగున్నట్టు. ఒకచోట ఆగి, ఒక్కసారిగా ఎగిరి తిరిగితే అక్కడ వంపు ఉన్నట్టు. ఎంత గ్రీజు రాసినా ఆ వణుకు పోదు, కొత్త తీగ వేయాల్సిందే.

బాగుంటే పల్చగా గ్రీజు రాయండి. మీటరు వైపు చివర జానెడు భాగానికి మాత్రం అసలు రాయొద్దు. తీగ తిరుగుతున్నకొద్దీ గ్రీజు పైకి పాకి మీటరు లోపలి అయస్కాంతం మీదికి చేరుతుంది. దాంతో ముల్లు వంద దగ్గర అతుక్కుని కూర్చుంటుంది, బాగు చేయడానికి మీటరు మొత్తం విప్పాలి. తీసిన తీగకు గేర్‌బాక్స్ ఆయిల్ అంటుకుని ఉంటే కింద సీలు పోయినట్టే, ముందు దాన్ని మార్పించండి. కేబుల్‌ను తిరిగి బిగించేటప్పుడు ఎక్కడా పదునుగా మలుపు తిరగకుండా, సైలెన్సర్ పైపుకు తగలకుండా చూసుకోవాలి.

డయల్ మీద దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. పెట్రోల్, థిన్నర్ తగిలితే అంకెలు చెరిగిపోతాయి. ఆ డయల్ మళ్లీ దొరకదు.

ఆయిల్, టెంపరేచర్

ఆయిల్ ప్రెషర్ మీటరుకు కొన్ని బండ్లలో వైరుండదు, ఇంజిన్ నుంచి సన్న పైపు నేరుగా వస్తుంది. దాన్ని వంచకండి, గట్టిగా లాగకండి. ఆ పైపు పగిలితే కాగిన ఆయిల్ మీ కాళ్ల మీద పడుతుంది, ఇంజిన్ ఆయిల్ మొత్తం అందులోంచే పోతుంది. విప్పిన ప్రతిసారీ జాయింటులో కొత్త వాషరు వేయండి. ఇంజిన్ స్టార్ట్ చేశాక టార్చి వేసి ఆ జాయింటు కింద వేలు పెట్టి చూడండి, తడి తగలకూడదు.

టెంపరేచర్ మీటరు నుంచి ఇంజిన్‌కు సన్నటి రాగి గొట్టం వెళుతుంటే దాన్ని ఎక్కడా కత్తిరించి అతకడం కుదరదు. లోపల ఈథర్ లాంటి ఆవిరయ్యే ద్రవం సీలు చేసి ఉంటుంది. గొట్టం మడత పడిందంటే మీటరు పోయినట్టే. దాని మొనను ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి.

ఛార్జింగ్ లైటు గురించి ఒక్క మాట. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఉన్న బండ్లలో ఆ బల్బు అలంకారం కాదు. చాలావాటిలో దాని గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటుతోనే ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది. మిగతా లైట్లతో పాటు దానికీ ఎల్‌ఈడీ వేసేస్తే బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు. అక్కడ మామూలు బల్బే ఉంచండి. ఇంజిన్ కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపిస్తే ఛార్జింగ్ బాగున్నట్టు.

నీళ్లు, ఎలుకలు

ఇంత చేసి పైనుంచి నీళ్లు కారనిస్తే లాభం లేదు. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు గట్టిపడి మూలల్లో పగుళ్లిస్తుంది. ఒకరు లోపల కూర్చుని టార్చితో డ్యాష్‌బోర్డ్ వెనక చూస్తుండగా, ఇంకొకరు అద్దం మీద గొట్టంతో నీళ్లు మెల్లగా వదలండి. బ్యాటరీ ఎర్త్ ఊడదీసే ఉంచండి. చుక్క ఎక్కడ దిగుతోందో తెలిసిపోతుంది. సిలికాన్ పూత తాత్కాలికమే, ఓపిక ఉంటే రబ్బరు మార్పించండి. బాడీ రేకులోంచి వైర్లు లోపలికొచ్చే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) ఉందో లేదో చూడండి. అది లేని చోట రేకు అంచు వైరు తొడుగును కోసేస్తుంది, ఎలుక కూడా అక్కడి నుంచే దూరుతుంది. వానాకాలంలో కదలకుండా నిలబెట్టిన బండి ఎలుకలకు మంచి ఇల్లు. వారానికొకసారైనా బానెట్ తెరిచి, బండిని కాస్త తిప్పి తీసుకురండి.

పని అయ్యాక

టేపు చుట్టిన జాయింట్లు ఒక్కొక్కటీ లాగి చూశాక బ్యాటరీ ఎర్త్ బిగించే ముందు చిన్న పరీక్ష చేయండి. అన్ని స్విచ్‌లూ ఆపి, తలుపులు వేసి, టెర్మినల్‌కూ ఎర్త్ వైరుకూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టండి. బల్బు గట్టిగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, బిగించకుండా వెతకండి. మొదటిసారి బయటికి తీసినప్పుడు పగటిపూటే, ఇంటి చుట్టుపక్కలే నడపండి. ఆయిల్ లైటు వెలిగినా, ఆయిల్ ముల్లు పడిపోయినా, కొత్తగా బిగించాం కదా, మీటరు తప్పు చూపిస్తోందేమో అనుకోకుండా ఆ క్షణమే ఇంజిన్ ఆపేసి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడండి.

డ్యాష్‌బోర్డ్ అరలో ఒక టెస్ట్ ల్యాంపు, నాలుగు మీటరు బల్బులు, సరైన రేటింగ్ ఉన్న గాజు ఫ్యూజ్‌లు అరడజను పెట్టుకోండి. దారిలో ఫ్యూజ్ పోతే సిగరెట్ రేకు, రాగి తీగ చుట్టి నడిపించమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు, వినకండి. కొత్త ఫ్యూజ్ వెంటనే మళ్లీ పోయిందంటే ఆ లైనులో షార్ట్ ఉంది. అప్పుడు బండిని రోడ్డు పక్కకు తీసి, బ్యాటరీ ఎర్త్ ఊడదీసి, మెకానిక్‌కు ఫోన్ చేయండి.