జర్మనీలో మాస్టర్స్: ఏ కోర్సుకు ఏ మార్గంలో దరఖాస్తు చేయాలి?

జర్మనీలో మాస్టర్స్ చేయాలనుకునే మన విద్యార్థులు చాలామంది ముందుగా మంచి కన్సల్టెన్సీ కోసం వెతుకుతారు. అంతకంటే ముందు డీఏఏడీ (జర్మన్ విద్యా వినిమయ సంస్థ) వెబ్‌సైటులో తమకు సరిపడే కోర్సులు చూసి, ఒక్కొక్క కోర్సు సొంత పేజీలో దరఖాస్తు ఎలా తీసుకుంటారో చదివి, ఒక పట్టిక రాసుకోవాలి. అందరికీ ఒకే పద్ధతి అక్కడ లేదు.

ఆహెన్‌లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ తన పోర్టల్‌లోనే నేరుగా దరఖాస్తు తీసుకుంటుంది. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వంటివి యూని-అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా తీసుకుంటాయి. దానికి ఒక సెమిస్టర్‌లో మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, ఆ తర్వాత ప్రతిదానికీ 30 యూరోలు కట్టాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రెండూ కలుస్తాయి: యూని-అసిస్ట్ నుంచి వీపీడీ అనే ముందస్తు పరిశీలన పత్రం తెప్పించుకుని, దానిని విశ్వవిద్యాలయ పోర్టల్‌లో పెట్టాలి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వీపీడీ చేతికి రావడమే దరఖాస్తు పూర్తికావడమని అనుకుని అసలు పోర్టల్ గడువు దాటబెట్టుకుంటారు.

పట్టికలో ఏవి ఉంచాలో, ఏవి కొట్టేయాలో తేల్చడానికి మీ మార్కులను జర్మన్ గ్రేడులోకి మార్చి చూసుకోవాలి. గరిష్ఠ మార్కులలోంచి మీకు వచ్చినవి తీసేసి, ఆ శేషాన్ని గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ మధ్య ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి 1 కలపాలి. అక్కడ 1 అత్యుత్తమం, 4 కనీస ఉత్తీర్ణత. పదికి 8 సీజీపీఏ ఉన్న విద్యార్థికి కనీస ఉత్తీర్ణత 5 అయితే 2.2 వస్తుంది, అదే 4 అయితే 2.0 వస్తుంది. గ్రేడు పరిమితి పెట్టిన కోర్సులో ఈ కాస్త తేడాయే సీటును నిర్ణయించవచ్చు కాబట్టి, మీ విశ్వవిద్యాలయం కనీస ఉత్తీర్ణత ఎంతో మార్కుల మెమోలో లేకపోతే, ఎగ్జామినేషన్ బ్రాంచ్ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి.

గ్రేడు బాగున్నా, బీటెక్‌లో చదివిన సబ్జెక్టులు సరిపోలక తిరస్కరించడం చాలా మామూలు. ఈసీఈ చదివి కంప్యూటర్ సైన్సుకు వెళ్లాలనుకునేవారు ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, గణితం వంటి వాటిలో ఆ కోర్సు అడిగినన్ని క్రెడిట్లు తమకున్నాయో లేదో సిలబస్ పక్కన పెట్టుకుని చూసుకోవాలి. అవి లేని కోర్సును పట్టికలోంచి తీసేయడమే మేలు.

ఇక సమయం. శీతకాల సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. చాలాచోట్ల జులై 15 వరకు గడువు ఉన్నా, కొన్ని కోర్సులు వసంతంలోనే మూసేస్తాయి. యూని-అసిస్ట్ పరిశీలనకు వారాలు పడుతుంది, లోపమేదైనా బయటపడితే గడువులోపే సరిదిద్దాలి, అందుకని కనీసం ఎనిమిది వారాల ముందే పంపాలి. దానికంటే ముందే ఏపీఎస్ (మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే జర్మన్ పరిశీలన) పని మొదలుపెట్టాలి: 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు ఈ ధ్రువపత్రం తప్పనిసరి, పైగా అనేక విశ్వవిద్యాలయాలు దరఖాస్తుతోనే అడుగుతున్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పదో తరగతి మెమోలో ఒట్టి ఇనీషియల్ ఉంటే ఆ తేడాను ముందే సరిచేసుకోండి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నింటిలో చదువు ఉచితమన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మన విద్యార్థుల వద్ద సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2024 శీతకాలం నుంచి చేరినవారికి మాస్టర్స్ ఫీజు సాధారణంగా సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు. ఇది కాక, ఏడాది ఖర్చుల కింద బ్లాక్డ్ అకౌంటులో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) వీసా కోసం చూపాల్సిన సొమ్ము 2024 సెప్టెంబరులో 11,904 యూరోలకు పెరిగింది. దరఖాస్తు చేసేనాటికి ఆ మొత్తం ఎంతో మళ్లీ చూసుకోండి.

ఇంత పనిని ఒంటరిగా చేయలేమనిపిస్తే కన్సల్టెన్సీ సాయం తీసుకోవడంలో తప్పు లేదు. అయితే కమీషన్ ఇచ్చేవి సాధారణంగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కాబట్టి, మీరు అడగని ప్రైవేటు కళాశాల పేరు వాళ్లు చెబితే ఎందుకని నిలదీయండి. ప్రతి పోర్టల్‌లోనూ మీ సొంత ఈమెయిల్‌తోనే ఖాతా తెరవండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఆధారాలు అదనంగా పంపమని విశ్వవిద్యాలయం కోరినప్పుడు ఆ ఉత్తరం నేరుగా మీకే అందాలి.