కందిరీగల తుట్టె జోలికి వెళ్లే ముందు

ముందుగా దూరం నుంచే గూడును గమనించండి. గోడకు అంటుకున్న మట్టి గూడైతే టెన్షన్ అక్కర్లేదు, ఆ పురుగు మామూలుగా మనిషి జోలికి రాదు. కాగితంలా బూడిదరంగులో ఉండి, గదులు కిందికి తెరుచుకుని కనిపిస్తే కందిరీగలదే.

– గూడంతా మూసుకుని ఒక్క రంధ్రం నుంచే రాకపోకలు సాగుతుంటే లోపల వందల్లో ఉండొచ్చు. పెస్ట్ కంట్రోల్ వాళ్లకే వదిలేయండి. గోడ సందులో ఉన్నా అంతే. పైగా ఆ రంధ్రం మూసేస్తే అవి వేరే దారి వెతుక్కుని ఇంట్లోకే రావచ్చు.

– గతంలో కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లో ఆయాసమో వచ్చినవాళ్లు గూడు తీసే పని చేయనే కూడదు.

– చీకటి పడ్డాకే చేయండి, అప్పటికి దాదాపు అన్నీ గూటికి చేరతాయి. టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టండి. తెల్లని వెలుగు మీదికే ఎగిరొస్తాయి.

– మందమైన నిండు బట్టలు, గ్లవ్స్, ముఖానికి వల. వెనక్కి పరుగెత్తే దారి ఖాళీగా ఉండాలి.

– నిచ్చెన ఎక్కొద్దు. నిప్పు, పెట్రోలు అసలే వద్దు.

– తోడుగా ఒకరిని, ఫోన్‌తో సహా, దూరంగా నిలబెట్టండి. తేనెటీగలా కాదు, ఒక్క కందిరీగే పదేపదే కుట్టగలదు. గొంతు, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా అంబులెన్స్‌ను పిలవాలి.