మురుగు కాలువ పనికి ముందు ఎవరెవరిని కలవాలి? ప్రాజెక్టు సంబంధీకులను గుర్తించడం, కలుపుకుపోవడం ఎలా?

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి, పంట కాలువలు కట్టేసిన తర్వాత జూన్‌లో మళ్లీ నీరు వదిలేలోపు దొరికే కొద్ది వారాలే గోదావరి డెల్టాలో మురుగు కాలువ పూడిక తీయడానికి అనువైన సమయం. ఆ వారాల్లో ఒక్కరు గట్టుమీద నిలబడి ‘ఆపండి’ అన్నా పని మరుసటి వేసవికి జారిపోతుంది, ఈలోగా సార్వా (ఖరీఫ్) నారుమళ్లు మునుగుతాయి. అందుకే సంక్రాంతి దాటగానే మనుషులను కలవడం మొదలుపెట్టాలి.

ప్రాజెక్టు నిర్వహణలో వీరిని స్టేక్‌హోల్డర్లు అంటారు. మనం సంబంధీకులు అనుకుందాం. పనిని ప్రభావితం చేయగలవారు, పని వల్ల ప్రభావితమయ్యేవారు, తమకు ఏదో జరుగుతుందని భావించేవారు అందరూ సంబంధీకులే. మూడో రకాన్ని తేలికగా తీసుకోవద్దు. గట్టుమీద ఇల్లున్న కుటుంబానికి మీ నక్షాలో ఏ నష్టమూ లేకపోవచ్చు. కానీ ఇల్లు పోతుందన్న భయం వారికి నిజం, దానికి జవాబు చెప్పాల్సింది మీరే.

మొదట నడవండి. జాబితాను ఆఫీసులో కూర్చుని రాయకండి. సముద్రం వైపున్న శివారు నుంచి ఎగువకు కాలువ వెంట నడవండి. ముంపు ముందు తగిలేది శివారు వారికి, వారి మాట అందరికంటే చివర వినబడుతుంది. నడుస్తుంటే వరి రైతులు, చెరువుల నీటిని ఇదే కాలువలోకి వదిలే రొయ్యల రైతులు, వలలు కట్టే మత్స్యకారులు, గేదెలు తోలుకెళ్లేవారు కనబడతారు. వారి తర్వాత డ్రైనేజీ ఇంజనీర్లు, పంచాయతీ, సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం, కాంట్రాక్టరు.

రికార్డుల్లో దొరకనివారు కౌలు రైతులు. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం, కౌలుదారుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం అడిగింది. అది దొరకని కౌలుదారు పేరు ఏ కాగితంలోనూ ఉండదు. హైదరాబాదులో ఉన్న యజమానికి ఫోను చేసి ‘రైతుతో మాట్లాడాం’ అనుకుంటే పొరపాటు. చేలో ఉన్న మనిషిని ‘ఈ చేను చేస్తున్నది ఎవరండీ?’ అని అడగండి.

తర్వాత వర్గీకరించండి. బలం ఎంత, ఆసక్తి ఎంత అని చూసే మెండెలో పట్టిక బాగా వాడుకలో ఉంది. బలమూ ఆసక్తీ రెండూ ఉన్నవారితో దగ్గరగా పనిచేయాలి, బలం లేక ఆసక్తి మాత్రమే ఉన్నవారికి సమాచారం ఇస్తూ ఉండాలి అంటుంది. నాకు ఇది చాలదనిపిస్తుంది. శివారు కౌలుదారుకు సమాచారం ఇచ్చి ఊరుకుంటే ఎలా? మిచెల్, ఏగల్, వుడ్ అనే పరిశోధకులు 1997లో ప్రతిపాదించిన మూడు ప్రశ్నలు డెల్టాకు బాగా నప్పుతాయి: బలం ఉందా, కోరిక న్యాయమైనదా, వెంటనే తీర్చాల్సిందా? బలం లేకున్నా మిగతా రెండూ ఉన్నవారిని జాబితా పైకి తీసుకురండి. వారు ఒక్కటైతే బలం కూడా వస్తుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగే మానేశారు. గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల కూడా అప్పటి వారి గోడు.

ఇక మాట్లాడండి. ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టే సభ అవసరమే, కానీ భూయజమాని ఎదుట కౌలుదారు నోరు విప్పడు. అతన్ని విడిగా, పొలం దగ్గర కలవండి. రొయ్యల రైతును చెరువు ఎప్పుడు ఖాళీ చేస్తారో అడిగి, ఆ తేదీని పనుల పట్టికలో వేయండి. వరి రైతులనూ అతన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టేది ఆ తర్వాతే. గట్టుమీద ఇళ్లవారికి తవ్వకం ఎక్కడిదాకా వస్తుందో మేకులు పాతి చూపించండి. తీసిన బురద ఎక్కడ పడుతుందో ముందే చెప్పండి. మత్స్యకారులకు వలలు తీసుకోవడానికి సరిపడా గడువు ఇవ్వండి.

చివరగా రాసి పెట్టుకోండి. ఒక నోటుపుస్తకం చాలు: పేరు, కోరిక, భయం, మనం ఇచ్చిన మాట, ఇచ్చినవారు, తేదీ. ఇంజనీరు బదిలీ అయినా, కాంట్రాక్టరు మారినా ఆ పుస్తకం కొత్తవారి చేతికి అందాలి. పని జరిగినన్నాళ్లూ వారానికోసారి తిరగేసి, కొత్త పేర్లు చేర్చండి. తొలి పెద్ద వాన కురిసిన మర్నాడు అదే పుస్తకంతో మళ్లీ శివారు నుంచి నడవండి. నీరు ఎక్కడ నిలిచిందో అక్కడి మనిషినే ముందు పలకరించండి.