సీ నడుస్తోంది, సీ ప్లస్ ప్లస్ మాత్రం మొరాయిస్తోంది

మొన్న రాత్రి తొమ్మిదింటికి, గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీద గదిలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగాడు. "అంకుల్, రేపు ల్యాబ్ ఎగ్జామ్. కంపైలర్ ఉంది, కానీ లేదంటోంది" అన్నాడు. టెన్షన్‌లో చెప్పినా సరిగ్గానే చెప్పాడు.

సమస్య

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ నడపగలిగేలా మార్చేది. వాడు వాడేది జీసీసీ అనే కంపైలర్. డాట్ సీ ఫైల్ చక్కగా కంపైల్ అవుతోంది. అదే ఫోల్డర్‌లో డాట్ సీపీపీ, అంటే సీ ప్లస్ ప్లస్ ఫైల్ ఇస్తే మాత్రం 'సీసీ1ప్లస్' అనే ఫైల్ దొరకలేదని ఎర్రర్. జీసీసీ వెర్షన్ అడిగితే టక్కున చెబుతోంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే. వీడైతే రెండుసార్లు తీసేసి, మళ్లీ అదే ప్యాకేజీ పెట్టాడు. ఫలితం మారితే కదా!

కారణం

జీసీసీ మేస్త్రీ లాంటిది. పని పురమాయిస్తుందే గానీ తాపీ పట్టదు. సీ ఫైలైతే సీసీ1కి, సీ ప్లస్ ప్లస్ అయితే సీసీ1ప్లస్‌కి అప్పగిస్తుంది. ఆ తర్వాత దాన్ని మెషీన్ భాషలోకి మార్చే అసెంబ్లర్, ముక్కల్నీ లైబ్రరీల్నీ కలిపే లింకర్ వంతు. ఇక్కడ మేస్త్రీ వచ్చాడు, కూలీల్లో ఒకడు రాలేదు.

అనుమానం తీరాలంటే టెర్మినల్‌లో ఈ కమాండ్ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి:

జీసీసీ -ప్రింట్-ప్రోగ్-నేమ్=సీసీ1ప్లస్

ఫైల్ ఉంటే అది ఏ ఫోల్డర్‌లో ఉందో మొత్తం దారి చూపిస్తుంది. లేకపోతే మనం అడిగిన పేరునే తిరిగి మన మొహాన కొడుతుంది. కుర్రాడి మెషీన్‌లో వట్టి పేరే వచ్చింది.

పరిష్కారం

వాడిది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. అందులో జీసీసీ, జీ ప్లస్ ప్లస్ వేర్వేరు ప్యాకేజీలు. ముందు 'సుడో ఆప్ట్ అప్‌డేట్', తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్' కొట్టించాను. జీ ప్లస్ ప్లస్‌తో పాటు మేక్, సీ లైబ్రరీ హెడర్లు కూడా వచ్చేస్తాయి కాబట్టి, 'ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ లేదు' అనే గోల ఉన్నవాళ్లకీ ఇదే మందు. పై కమాండ్ మళ్లీ కొడితే ఈసారి పూర్తి దారి వచ్చింది.

విండోస్‌లో జీసీసీని పెట్టే పాత మిన్‌జీడబ్ల్యూ ఇన్‌స్టాలర్ అయితే 'మిన్‌జీడబ్ల్యూ32-జీసీసీ-జీ++' అన్న గడిలో టిక్ పెట్టి, అప్లై ఛేంజెస్ నొక్కాలి. చాలామంది బేస్ ఒక్కటే టిక్ చేసి వచ్చేస్తారు. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లోంచి బిన్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకున్నా ఇదే ఎర్రర్. సీసీ1ప్లస్ ఉండేది బిన్‌లో కాదు, వేరే ఫోల్డర్ లోతుల్లో. కాపీ చేస్తే మొత్తం చేయండి, లేదా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోండి. అసలు జీసీసీ అనే కమాండే తెలియదంటే అది పాత్ (కమాండ్‌ని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే సెట్టింగ్) గొడవ, దీనికి సంబంధం లేదు.

అంతా అయ్యాక కుర్రాడికి మరో ఎర్రర్ వచ్చింది: తెరమీద అచ్చువేసే సీఅవుట్‌కి 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్', అంటే అది ఎక్కడుందో లింకర్‌కి దొరకలేదని. మళ్లీ ఏదో తక్కువైందని కంగారుపడ్డాడు. ఏమీ తక్కువ కాలేదు. అలవాటు కొద్దీ జీసీసీ అనే కొట్టాడు, అది సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని తనంతట తాను కలపదు. అదే కమాండ్‌లో జీసీసీ తీసేసి జీ++ అని పెట్టించాను.